ఐటీఐలో దివ్యాంగ విద్యార్థికి పని నేర్పడం: వర్క్‌షాప్‌లో ఏమేం మార్చాలి

అడ్మిషన్ల రోజు వైకల్య శాతం తేల్చి ఇచ్చే సదరం సర్టిఫికెట్ చేతికి రాగానే చాలామంది చూపు నేరుగా శాతం మీదికి పోతుంది. "75 శాతమా? ఫిట్టర్ కష్టం, కంప్యూటర్‌లో చేరిపో" అనేస్తారు. పింఛనుకీ రిజర్వేషన్‌కీ ఆ అంకె కావాలి గానీ పని నేర్పడానికి అది ఎందుకూ కొరగాదు. ఎడమ చెయ్యి లేని కుర్రాడికీ, పుట్టు చెవుడున్న అమ్మాయికీ కాగితం మీద ఒకే శాతం పడొచ్చు. వైస్ (లోహాన్ని బిగించి పట్టే సాధనం) దగ్గర నిలబెడితే ఒకరికున్న ఇబ్బంది ఇంకొకరికి ఉండదు.

విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల ఐటీఐల్లో, స్కిల్ సెంటర్లలో ప్రాక్టికల్స్ చెప్పే ఇన్‌స్ట్రక్టర్ల కోసం ఇది రాస్తున్నాం. చేయాల్సిన జాబ్‌ని, అంటే తయారు చేయమని ఇచ్చే వస్తువుని, చిన్న చిన్న పనులుగా విడగొట్టండి. విద్యార్థి ఎక్కడ ఆగిపోతున్నాడో చూడండి. అక్కడ పనిముట్టునో, చోటునో, చూపించే తీరునో మార్చండి. జాబ్ కొలత మాత్రం మార్చకండి. అర మిల్లీమీటరు తేడా మిగతా వాళ్లకు తప్పయితే ఇతనికీ తప్పే. జాలిపడి పాస్ చేసిన కుర్రాడు ఆటోనగర్ షెడ్డులో మొదటి రోజే దొరికిపోతాడు. ఆ ఓనరు ఇంకో దివ్యాంగుణ్ణి తీసుకోవడానికి వెనకాడతాడు.

ఇదేదో దయతో చేసే పని కూడా కాదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం సెక్షన్ 19 ప్రకారం అందరికీ ఉన్న వృత్తి శిక్షణ పథకాల్లోనే దివ్యాంగులను చేర్చాలి, కావలసిన సౌకర్యాలు కల్పించాలి. యాజమాన్యం "మన దగ్గర కుదరదు" అంటే చూపించాల్సింది ఈ సెక్షనే.

చేరిన మొదటి వారం

ముందు కాగితాలు. సదరం సర్టిఫికెట్, యూడీఐడీ (దివ్యాంగుల గుర్తింపు) కార్డు, ఆధార్, పదో తరగతి మెమో నాలుగూ పక్కపక్కన పెట్టి పేరు చూడండి. ఒకదాంట్లో ఇంటిపేరు పొడి అక్షరంగా, ఇంకోదాంట్లో పూర్తిగా ఉంటుంది. ఆ తేడా పరీక్ష ఫీజు కట్టే రోజు బయటపడితే సరిచేసుకునే టైమ్ ఉండదు. సర్టిఫికెట్టే లేకపోతే సదరం స్లాట్ కోసం వెంటనే సచివాలయానికో మీసేవకో పంపండి. యూడీఐడీ కార్డు మీద రంగు గీత ఉంటుంది: తెలుపైతే 40 శాతం లోపు, పసుపైతే 40 నుంచి 80 లోపు, నీలమైతే 80 ఆపైన. చట్టం చెప్పే రిజర్వేషన్లు 40 నుంచి మొదలవుతాయి.

తర్వాత ట్రేడ్. ఎలక్ట్రీషియన్, ఫిట్టర్ రెండేళ్లు. వెల్డర్, కోపా (కంప్యూటర్ ఆపరేటర్), సూయింగ్ టెక్నాలజీ (కుట్టు) ఏడాది. తప్పు ట్రేడ్‌లో పడితే ఏడాదో రెండేళ్లో పోతాయి కాబట్టి, ఖరారు చేసేముందు ఒక్కో ట్రేడ్ వర్క్‌షాప్‌లో ఒక పూట కూర్చోబెట్టి చిన్న పని ఇవ్వండి. ఫిట్టర్‌లో ఆకురాయి పట్టించండి, ఎలక్ట్రీషియన్‌లో వైరు ఒలిపించండి, కుట్టులో కాగితం మీద దారం లేకుండా గీత వెంట మిషన్ నడిపించండి. అప్పుడు "ఏం చేయగలవు?" అని అడక్కండి. "ఎక్కడ ఇబ్బందైంది?" అని అడగండి. తల్లిదండ్రులు పక్కన ఉంటే సమాధానం వాళ్లే చెప్పేస్తారు, కాసేపు బయట కూర్చోమనండి.

సర్టిఫికెట్‌లో ఎప్పుడూ కనిపించని లోపం ఒకటుంది: రంగులు గుర్తుపట్టలేకపోవడం. చట్టంలోని 21 రకాల వైకల్యాల్లో అది లేదు కాబట్టి ఎవరూ అడగరు. ఎలక్ట్రీషియన్ ట్రేడ్‌లో ఫేజ్‌లు ఎరుపు, పసుపు, నీలం, న్యూట్రల్ నలుపు, ఎర్త్ ఆకుపచ్చ. ఎరుపు, ఆకుపచ్చ ఒకేలా కనిపించే కుర్రాడు ఫేజ్‌ని ఎర్త్ పిన్నుకు కలిపితే పరికరం బాడీకే కరెంటు వస్తుంది. మొదటి వారంలోనే క్లాసులో అందరికీ ముక్కల వైర్లు ఇచ్చి రంగుల వారీగా విడదీయించండి, ఐదు నిమిషాల పని. తేడా కనిపిస్తే కంటి డాక్టరు దగ్గరికి పంపండి. శిక్షణలో వైరు రెండు చివర్లా నంబరు వేసిన ఫెరూల్స్ (చిన్న గొట్టపు తొడుగులు) తొడిగించండి, కలిపేముందు మల్టీమీటరుతో కంటిన్యుటీ (ఏ రెండు కొసలు ఒకే వైరువో) చూసి తీరాలన్న అలవాటు చేయండి. రెసిస్టర్ల రంగు గీతలకూ మీటరే దారి.

వినికిడి లోపం ఉన్న విద్యార్థి

ఇన్‌స్ట్రక్టర్లు ఎక్కువగా తప్పు చేసేది ఇక్కడే. చెవిటి పిల్లలు అల్లరి చేయరు, అడిగితే తలూపుతారు, పక్కవాణ్ణి చూసి చేసేస్తారు. అర్థమైందనుకుంటాం. తలూపడాన్ని లెక్కలోకి తీసుకోకండి. "అర్థమైందా?" అని కాకుండా "చేసి చూపించు" అనాలి.

వినేవాళ్లు ఒకేసారి చెవితో మాట, కంటితో చెయ్యి పట్టుకుంటారు. వినలేనివాళ్లకు రెండూ కళ్లే. మీరు లేత్ టూల్ బిగిస్తూ మాట్లాడితే వాళ్లు మీ చేతిని చూస్తే మాట పోతుంది, మీ ముఖమో సైగలు చేసే మనిషినో చూస్తే పని పోతుంది. అందుకని విడదీయండి. ముందు చెప్పండి, నోరు మూసి చేసి చూపించండి, ఆపండి, వాళ్లు తలెత్తి చూశాక తర్వాతిది చెప్పండి. బోర్డు వైపు తిరిగి మాట్లాడొద్దు. కిటికీకి వీపు పెట్టి నిలబడితే ముఖం నల్లగా కనిపిస్తుంది, వెలుతురు మీ ముఖం మీద పడేలా నిలబడండి. పెదాలు చూసి గ్రహిస్తారులే అన్న ధీమా కూడా వద్దు. పాట, బాట, మాట మూడూ పెదాల మీద ఒకేలా ఉంటాయి.

పొడవాటి నోట్స్ జిరాక్స్ తీసిచ్చి చేతులు దులుపుకోవడం ఇంకో తప్పు. సైగల భాషతో పెరిగిన చాలామందికి తెలుగు చదవడం రెండో భాష చదవడం లాంటిదే. అంచెకో ఫొటో, దాని కింద ఒక్క చిన్న వాక్యం, కొలత అంకె చాలు. భారతీయ సంజ్ఞా భాషకు ఢిల్లీలోని జాతీయ కేంద్రం పది వేల పదాల వీడియో నిఘంటువు పెట్టింది, అది ఉచితం. అయినా మీ వర్క్‌షాప్‌లోని ప్రతి పనిముట్టుకూ సైగ దొరకదు. మొదటి వారంలో విద్యార్థులతోనే కూర్చుని పనిముట్లకు, "ఆపు", "కరెంటు ఉంది", "వెనక్కి జరుగు" లాంటి హెచ్చరికలకు ఓ ముప్పై సైగలు ఖాయం చేసుకుని, ఫోనులో వీడియో తీసి బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో పెట్టండి. "ఆపు" సైగ మాత్రం బ్యాచ్‌లో అందరికీ రావాలి.

ఇక యంత్రాలు. అనుభవమున్న పనివాడు సగం సంగతులు చప్పుడుతోనే పసిగడతాడు: డ్రిల్ బిట్ మొద్దుబారితే కీచుమంటుంది, లేత్‌లో జాబ్ వదులైతే కొట్టుకుంటుంది. వినలేని విద్యార్థికి ఈ కబుర్లు కంటికీ చేతికీ మార్చి చెప్పాలి. హెచ్ఎస్ఎస్ (హైస్పీడ్ స్టీల్) టూల్‌తో మైల్డ్ స్టీల్ కోస్తున్నప్పుడు పొట్టు నీలంగా వస్తే వేడెక్కింది, వేగం తగ్గించాలి లేదా కూలెంట్ పెంచాలి. జాబ్ ఉపరితలం మీద అలల్లాంటి గీతలు పడితే అదరుతోంది. జాబ్‌ని పట్టి తిప్పే చక్‌కి దూరంగా లేత్ బెడ్ మీద అరచెయ్యి ఆనిస్తే అదురు తెలుస్తుంది. ముందు బాగున్న కోత మీద చెయ్యి పెట్టించి, తర్వాత చెడ్డ కోత మీద పెట్టించి తేడా పట్టించండి. వెల్డింగ్‌లో ఆర్క్ చప్పుడు బదులు బీడ్ (అతుకు గీత) వెడల్పు, అలల సమానత్వం, చిమ్మిన బిందువుల లెక్క చూడమనండి.

వెల్డింగ్ హెల్మెట్ దించాక చెవిటి విద్యార్థికి బయటి ప్రపంచంతో సంబంధం పూర్తిగా తెగిపోతుంది. భుజం మీద తట్టడం ప్రమాదం, ఉలిక్కిపడి చెయ్యి జరుగుతుంది. వెల్డింగ్ టేబుల్‌కి దూరపు కొస దగ్గర ఒక రేకు ముక్క బిగించి, దాని మీద రెండు సార్లు తడితే ఆర్క్ ఆపి హెల్మెట్ ఎత్తాలన్నది నియమంగా పెట్టండి. అత్యవసరమైతే మెషీన్ స్విచ్ ఆపేయడమే. గ్రైండర్ దగ్గర విద్యార్థి వీపు నడవ వైపు ఉండకూడదు. మిషన్ తిప్పలేకపోతే మలుపుల్లో పెట్టే కుంభాకార అద్దం ఎదురుగా బిగించండి.

ప్రమాద గంటకు తోడు తిరిగే ఎర్ర లైటు పెట్టాలి, వర్క్‌షాప్‌లోనూ బాత్‌రూమ్‌లోనూ. ఆటోనగర్‌లో వాహనాలకు అమ్మేవి 12 లేదా 24 వోల్టులవి, గంట లైనుకు నేరుగా కలిపితే మాడిపోతాయి. 230 వోల్టుల ఏసీదే అడిగి తీసుకోండి. సెకనుకు మూడు కంటే ఎక్కువ సార్లు మెరిసేది వద్దు, ఫిట్స్ ఉన్నవాళ్లకు అది ప్రమాదం. ఇంకోమాట: చెవి మిషన్ పెట్టుకుంటే చెవికి రక్షణ ఉన్నట్టు కాదు, అది యంత్రాల మోతను కూడా పెంచే వినిపిస్తుంది. గ్రైండింగ్ దగ్గర దాన్ని తీసి డబ్బాలో పెట్టించి, మిగతా వాళ్లలాగే ఇయర్ మఫ్ ఇవ్వండి.

కాళ్లకు, చేతులకు ఇబ్బంది ఉన్నవాళ్లు

ర్యాంపు చాలా చోట్ల ఉంటుంది, ఎక్కడానికి మాత్రం పనికిరాదు. లెక్క తేలిక: అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు. రెండు మెట్ల మీద సిమెంటు పోసి ర్యాంపు అనేస్తే చక్రాల కుర్చీ వెనక్కి తిరగబడుతుంది. తలుపు తెరిచాక మూడడుగుల దారి, కుర్చీ తిరగడానికి ఐదడుగుల చోటు ఉండాలి. కూర్చుని పనిచేసే టేబుల్ పైభాగం నేల నుంచి 75–80 సెంటీమీటర్లు, కింద మోకాళ్లకు 70 సెంటీమీటర్ల ఖాళీ. అడ్డుపట్టీ ఉంటే తీసేయండి. బాత్‌రూమ్ తలుపు బయటికి తెరుచుకోవాలి. లోపల మనిషి పడిపోతే లోపలికి తెరుచుకునే తలుపు కదలదు. కమోడ్ సీటు 18–19 అంగుళాలు, పక్కన గోడకు పట్టుకునే రాడ్డు. అమ్మాయిలు మధ్యలో మానేస్తే "ఆసక్తి లేదు" అని రాసేముందు ఈ బాత్‌రూమ్ ఒకసారి చూసి రండి. పొద్దున్నుంచి నీళ్లు తాగకుండా ఉండి సాయంత్రానికి నీరసపడే పిల్లలు ఉంటారు.

కుట్టులో, రెండు కాళ్లూ పనిచేయని అమ్మాయికి ఇంటి మిషన్‌కి చిన్న మోటారు పెట్టి, కాలితో తొక్కే కంట్రోలరును టేబుల్ మీద కుడి మోచేతి కింద పెడితే చాలు. మోచేత్తో నొక్కుతూ రెండు చేతులతో గుడ్డ నడపొచ్చు. రెండు చోట్ల తప్పు జరుగుతుంది. కంట్రోలరు జారిపోతుంది, చెక్క పలకకు బిగించి ఆ పలకను టేబుల్‌కి క్లాంపు వేయండి. సూదిలోకి దారం ఎక్కించడానికి ముందుకు వంగినప్పుడు మోచెయ్యి ఆనుకుని సూది వేలిమీదికి దిగుతుంది. కాబట్టి దారం ఎక్కించేముందు స్విచ్ ఆపడం మొదటి పాఠం. చేతికి అందే దూరంలో స్విచ్ ఉండాలి, గోడకు కాదు.

పవర్ మిషన్ అయితే క్లచ్ మోటారు వద్దు, తొక్కీ తొక్కగానే పూర్తి వేగం అందుకుంటుంది. సర్వో మోటారులో గరిష్ఠ వేగం తగ్గించి పెట్టుకోవచ్చు. మొదట్లో బాగా తగ్గించి, కుట్టు నేరుగా వస్తున్న కొద్దీ పెంచండి. గుడ్డను నొక్కి పట్టే మిషన్ పాదం ఎత్తడానికి మోకాలి లివరు వాడలేకపోతే సూది వెనకున్న చేతి లివరుతోనే అలవాటు చేయించండి. కొంచెం నెమ్మది, అంతే.

ఒంటి చేత్తో పనిచేసేవాళ్లకు రెండో చెయ్యి చేసే పని పట్టుకోవడమే. ఆ పట్టుకునే పని వైస్‌కో, క్లాంపుకో, గుడ్డ మీద పెట్టే బరువులకో అప్పగించండి. వైరు ఒలవడానికి తనంతట తానే సైజు సరిచూసుకునే స్ట్రిప్పరు, స్క్రూలకు రాచెట్ స్క్రూడ్రైవరు కొనండి. ఇవి మిగతా పిల్లలు ఎత్తుకుపోకుండా చూడటమే పెద్ద పని.

వెన్నుపూస దెబ్బతిన్నవాళ్ల విషయంలో మన ఎండలు మరువకండి. దెబ్బ ఛాతీ పైభాగం నుంచి ఉంటే కింది శరీరానికి చెమట పట్టదు, ఒంట్లో వేడి దిగదు. మేలో రేకుల షెడ్డు కింద మధ్యాహ్నం బ్యాచ్‌లో వేయకండి, పొద్దుటి పూటకు మార్చండి. గంటకు కనీసం రెండు సార్లు చేతులతో ఒళ్లు పైకెత్తి బరువు మార్చుకోమనండి, లేకపోతే కూర్చున్న చోట పుండ్లు పడతాయి, నెలల తరబడి మంచమే.

చూపు లేనివాళ్లు, కోపా ట్రేడ్

తెరమీది అక్షరాలు చదివి వినిపించే ఎన్‌వీడీఏ ఉచితం, తెలుగు గొంతు కూడా ఉంది. ల్యాప్‌టాప్‌లో ఇన్సర్ట్ కీ దొరకడం కష్టం కాబట్టి ఇన్‌స్టాల్ చేసేటప్పుడే క్యాప్స్‌లాక్‌ని దాని కీగా ఎంచుకోండి. హెడ్‌ఫోను ఒక చెవికే, రెండో చెవి మీ మాటకు. "ఇక్కడ క్లిక్ చెయ్" అన్న మాట క్లాసులో నిషేధించుకోండి. ప్రతి పనికీ కీబోర్డు దారి చెప్పండి.

మనదగ్గర అసలు చిక్కు నోట్స్‌తో వస్తుంది. డీటీపీ సెంటర్లో అనూ ఫాంట్లలో కొట్టించిన తెలుగు మెటీరియల్ కంటికి తెలుగే, లోపల ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులే. ఎన్‌వీడీఏ దాన్ని చదివితే అర్థంలేని ముక్కలు వినిపిస్తాయి. సాఫ్ట్‌వేర్ పాడైందనుకుని తీసి మళ్లీ వేస్తుంటారు, ఉపయోగం లేదు. మెటీరియల్ యూనికోడ్‌లో ఉండాలి. స్కాన్ చేసిన పీడీఎఫ్ అయితే అది ఉత్త బొమ్మ; గూగుల్ డ్రైవ్‌లో పెట్టి డాక్స్‌తో తెరిస్తే తెలుగు అక్షరాలుగా మారుతుంది, ఒత్తులూ పట్టికలూ ఒకసారి సరిచూడాలి.

కొద్దిగా చూపున్నవాళ్లకు కొలత అంకెల్లో చూపే డిజిటల్ వెర్నియర్, జాబ్ మీదికి పక్కనుంచి పడే లైటు బాగా పనికొస్తాయి.

నెమ్మదిగా నేర్చుకునేవాళ్లు

మేధో వైకల్యం ఉన్నవాళ్లకు ఒక పని మొత్తం చూపించి "ఇప్పుడు నువ్వు చెయ్" అంటే కుదరదు. గుంటూరులో బాగా అక్కరకొచ్చే కారం ప్యాకింగే తీసుకుందాం. కవరు తీయడం, గరాటు పెట్టడం, గరిటతో పోయడం, కాటా మీద 100 గ్రాములు చూడటం, గరాటు తీయడం, సీలింగ్ మిషన్‌లో నొక్కడం, లైటు ఆరాక రెండు సెకన్లు అలాగే పట్టడం, ట్రేలో పెట్టడం. ఎనిమిది మెట్లు. చివరి మెట్టు నుంచి వెనక్కి నేర్పండి. మొదటి రోజు ఏడు మెట్లూ మీరు చేసి, ట్రేలో పెట్టడం ఒక్కటే అతనికివ్వండి. ప్రతిసారీ పూర్తయిన ప్యాకెట్టు అతని చేతి మీదుగానే వెళ్తుంది. అది వరసగా మూడు రోజులు తప్పు లేకుండా వస్తే ఏడో మెట్టు కలపండి.

సీల్ ఊడిపోతోందంటే నూటికి తొంభై పాళ్లు కవరు అంచున కారం పొడి అంటుకోవడమే కారణం. తిట్టకండి, గరాటు కాడ పొడుగుది కొనండి, సీల్ గీత దాటి కిందికి దిగేలా. లెక్క పెట్టలేకపోతే పది గదులున్న ట్రే ఇవ్వండి. గదులు నిండితే పది. కాటా చదవలేకపోతే సరిగ్గా సరిపడే కొలత గరిట. సాయం కూడా మెట్లు మెట్లుగా తగ్గించాలి: చెయ్యి పట్టి చేయించడం, మోచేతి దగ్గర తాకడం, వేలితో చూపడం, చివరికి ఊరికే పక్కన ఉండటం. ఇన్‌స్ట్రక్టర్ మారినా మాటలు మారకూడదు. ఒకరు "కవరు" అని, ఇంకొకరు "ప్యాకెట్" అంటే అతనికి అవి రెండు వేర్వేరు వస్తువులు. గ్లౌజులు తీసి చేతులు కడిగేవరకూ కళ్లు ముట్టకూడదన్నది తొమ్మిదో మెట్టుగా కలపండి.

ఫిట్స్ వచ్చేవాళ్లు ఉంటే లేత్, నిచ్చెన, వెల్డింగ్ పనులకు డాక్టరు రాతపూర్వకంగా సరేననాలి. ఫిట్స్ వస్తే చేతిలో తాళాలు పెట్టడం, నోట్లో చెంచా దూర్చడం రెండూ వద్దు. చుట్టూ వస్తువులు జరిపి, పక్కకు తిప్పి పడుకోబెట్టి, గడియారం చూడండి. ఐదు నిమిషాలు దాటితే 108.

పరీక్ష, ఆ తర్వాత

రాయలేనివాళ్లకు సహాయకుడు, గంటకు కనీసం 20 నిమిషాల అదనపు సమయం కేంద్ర మార్గదర్శకాల్లో ఉన్నాయి. సహాయకుడి అర్హత నిబంధనలు మారుతుంటాయి కాబట్టి ఆ ఏటి నోటిఫికేషన్ చూసి, దరఖాస్తు ముందే పెట్టండి. హాల్ టికెట్ వచ్చాక అడిగితే ఎవరూ వినరు. ప్రాక్టికల్ పరీక్షకు బయటి ఎగ్జామినర్ వస్తాడు. ఏ పనిముట్టు ఎందుకు మార్చామో ఒక కాగితం రాసి ప్రిన్సిపాల్ సంతకంతో ముందురోజే ఇవ్వండి. మోచేతి కంట్రోలరు చూసి "ఇదేంటి, మామూలు మిషన్ మీద చేయించండి" అనేవాళ్లు ఉంటారు.

ఉద్యోగానికి పంపేటప్పుడు ఓనరుకు మెడికల్ సర్టిఫికెట్ చూపించి మొదలుపెట్టకండి. ఒక పేజీ చాలు: ఏ ఏ జాబ్‌లు ఒంటరిగా చేస్తాడు, గంటకు ఎన్ని చేస్తాడు, ఏ అమరిక కావాలి, దానికెంత ఖర్చు. కింద మీ ఫోన్ నంబరు. చేరేముందు మీరే వెళ్లి బస్టాపు నుంచి షెడ్డు దాకా దారి, బాత్‌రూమ్, మేస్త్రీ కూర్చునే చోటు చూసి రండి. మొదటి నెలలో మానేసేవాళ్లలో చాలామంది పని రాక మానరు. బస్సు దిగి నడవలేకో, మేస్త్రీ అరిచిన మాట వినపడకో మానేస్తారు. ముప్పై సైగల వీడియో ఆ మేస్త్రీకి కూడా పంపండి. మొదటి నెల వారానికోసారి, తర్వాత రెండు నెలలు పదిహేను రోజులకోసారి ఫోన్ చేసి ఇద్దరితోనూ విడివిడిగా మాట్లాడండి.

మార్చిన పనిముట్లను స్టాక్ రిజిస్టరులో సంస్థ సామానుగా ఎక్కించి బీరువాలో పెట్టేయకండి. కంట్రోలరు పలక, స్ట్రిప్పరు, పది గదుల ట్రే విద్యార్థి పేరున కొని, కోర్సు అయ్యాక అతనితోనే పంపించండి. కోర్సంతా దేనితో నేర్చుకున్నాడో అది లేకుండా కొత్త చోట మొదటి రోజు కూర్చోబెడితే, ఏమీ రానివాడిలా కనిపిస్తాడు.